తప్పంతా ఆమె రక్తానిదేనా? వెండా నమ్మకాల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో నేను దక్షిణాఫ్రికాలో, లింపోపో రాష్ట్రం ఉత్తరం కొసన వెంబే జిల్లా క్లినిక్కుల్లో పనిచేసిన రోజుల గురించి రాశా కదా, అక్కడి వెండా జనం సుఖవ్యాధుల గురించి ఏమనుకుంటారో అందులో రెండు ముక్కలే చెప్పా. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. తొందరున్నవాళ్ళకి ముందే విడిగా జవాబు రాసేశా, అందరికీ పనికొచ్చేవి ఇక్కడ. పేర్లు ఎవరివీ వెయ్యట్లేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆయన ఉద్యోగం వల్ల మేము నాలుగేళ్ళుగా తోహోయాండౌలో ఉంటున్నాం. మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి వెండా అమ్మాయి, నాకు చెల్లెలు లాంటిది. నెల కిందట తనకి మూడో నెల గర్భం పోయింది. వాళ్ళాయన గనుల్లో పని, ఈస్టర్ సెలవులకి ఇంటికొచ్చాడు. వచ్చిన వారం పదిరోజులకి అతనికి మూత్రంలో మంట, చీము మొదలయ్యాయి. అత్తగారు మాత్రం ఇది దివూ అనే జబ్బు, గర్భం పోయిన ఒళ్ళు శుభ్రం కాకుండానే మొగుణ్ణి దగ్గరికి రానిచ్చింది కాబట్టి వీడికి అంటుకుంది అని తేల్చేసింది. ఇప్పుడు నాటు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తున్నారట. ఈ పిల్ల రోజూ ఏడుస్తోంది. నిజంగా ఆమె వల్లే వచ్చిందా? నేనేం చెప్పాలి?

జవాబు: అమ్మా, ముందు చెయ్యాల్సింది చెప్తా, తర్వాత మిగతాది మాట్లాడుకుందాం. ఇద్దరూ క్లినిక్కి వెళ్ళాలి, ఒక్కడు కాదు ఇద్దరూ. అక్కడ ప్రభుత్వ క్లినిక్కుల్లో వీటికి పైసా తీసుకోరు. చీము కారుతుంటే ల్యాబ్ రిపోర్టు కోసం రోజులు రోజులు కూర్చోబెట్టరు, లక్షణాలు చూసి అప్పటికప్పుడే ఒక ఇంజెక్షన్ ఇచ్చి మాత్రలు మింగిస్తారు, భార్యకో భర్తకో ఇవ్వమని ఒక చీటీ కూడా చేతిలో పెడతారు, ఆ చీటీ చూపిస్తే వాళ్ళకీ వైద్యం దొరుకుతుంది. ఇద్దరికీ సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు చెయ్యమని అడగమనండి. ఆ అమ్మాయికి ఇంకా రక్తం పోతున్నా, జ్వరం ఉన్నా, కింద వాసన వస్తున్నా మాత్రం రేపటిదాకా కూడా ఆగొద్దు.

ఇప్పుడు దివూ సంగతి. వెండా పెద్దవాళ్ళ లెక్కలో ఒంటికి జబ్బు తెచ్చే దారుల్లో రక్తం చాలా పెద్దది. వాళ్ళ భాషలో రక్తాన్ని మలోఫా అంటారు. నెలసరి రక్తం, కాన్పు రక్తం, గర్భం పోయినప్పుడు వచ్చే రక్తం, ఇవన్నీ బయటికి పోవాల్సినవి, పూర్తిగా పోయేలోపు మగవాడు దగ్గరికి వెళ్తే ఆ మైల అతని ఒంట్లోకి దిగుతుందని నమ్మకం. చెయ్యకూడని పనిని ముయిలా అంటారు, అది దాటితే జబ్బు రూపంలో తగులుతుంది. గర్భం పోయిన ఆడమనిషితో కలిసిన మగవాడికి వచ్చేదే దివూ. గర్భం దానంతటదే పోయినా, తీయించుకున్నా వాళ్ళ లెక్కలో పెద్ద తేడా లేదు. అక్కడ అబార్షన్ చట్టబద్ధం చేసిన చట్టం 1996లో వచ్చింది, ఆ తర్వాత కొందరు పెద్దవాళ్ళు కుర్ర ఆడపిల్లలు ఎవరికీ చెప్పకుండా తీయించేసుకుంటున్నారు, అందుకే మగపిల్లలకి ఈ రోగాలు అనే మాట మొదలెట్టారు. గర్భం రాకుండా వేసుకునే ఇంజెక్షన్ మీద కూడా ఇలాంటి మాటే ఉంది. ఆ ఇంజెక్షన్ వేసుకుంటే చాలామందికి నెలసరి ఆగిపోతుంది కదా, అంటే పోవాల్సిన మురికి లోపలే పేరుకుపోతోంది, అది మగవాడికి ఎక్కుతుంది అని. (ఆగిపోవడం అంటే లోపల పేరుకోవడం కాదమ్మా, అసలు ఆ పొర మందంగా తయారే కాదు, పేరుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.)

ఇది ఉత్త మూఢనమ్మకం అని ఒక్క మాటలో కొట్టిపారేసేవాళ్ళని నేను చాలామందిని చూశా, నాకు అది నచ్చదు. ఎందుకంటే ఆ ముసలమ్మలు చూసింది నిజమే. గర్భం పోయిన ఇంట్లోనే కొన్నిసార్లు మొగుడికీ రోగం కనబడుతుంది, ఇది వాళ్ళు తరతరాలుగా కళ్ళారా చూశారు. కాకపోతే ఏది ముందు ఏది వెనక అన్నచోట దారి తిరగబడింది. వైద్యం చెయ్యని సిఫిలిస్ ఉంటే గర్భం పోతుంది, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, పుట్టినా రోగంతో పుట్టొచ్చు. అంటే గర్భం పోయింది కాబట్టి రోగం రాలేదు, ఇంట్లోకి రోగం ముందే వచ్చింది కాబట్టి గర్భం పోయి ఉండొచ్చు. ఆ అమ్మాయికి సిఫిలిస్ పరీక్ష చెయ్యమన్నది అందుకే. అదే కారణమని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మొదటి మూడు నెలల్లో గర్భాలు ఎక్కువగా పోయేది పిండంలోనే ఏదో లోపం ఉండటం వల్ల, అందులో ఎవరి తప్పూ ఉండదు. కానీ పరీక్ష చేయించాలి.

ఇక మూత్రంలో మంట, చీము, ఇది చాలావరకు గనేరియా లక్షణం, మనవాళ్ళు సెగరోగం అనేది. అది ఒక క్రిమి, ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి వెళ్ళాల్సిందే, రక్తంలోంచి దానంతట అది పుట్టదు. మగవాళ్ళలో తగిలిన రెండు నుంచి ఏడు రోజుల్లో సాధారణంగా బయటపడుతుంది, ఆడవాళ్ళలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, నెలల తరబడి తెలియకుండానే ఉండిపోతుంది. అందుకని రోజులు లెక్కపెట్టి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేల్చడం కుదరదు. అత్తగారు ఆ లెక్కతో కోడల్ని పట్టుకున్నట్టే మీరు అదే లెక్కతో అతన్ని పట్టుకున్నా అదీ తప్పే. ఇద్దరికీ ఒకేసారి మందు పడాలి, మందు పూర్తయి వారం గడిచేదాకా కలవకూడదు, లేకపోతే అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

ఇంకొకటి, ఇది నాకు మనసులో ఎప్పుడూ మెలిపెట్టే విషయం. వెండా మగవాళ్ళు గనులకీ, జోహానెస్‌బర్గ్‌కీ పనికి వెళ్ళడం నిన్నమొన్నటిది కాదు. నల్లవాళ్ళు పాస్ పుస్తకం లేకుండా నగరంలో తిరగకూడదనే చట్టాలు 1986 దాకా ఉన్నాయి, గనుల దగ్గర మగవాళ్ళని హాస్టళ్ళలో పెట్టేవాళ్ళు, పెళ్ళాం పిల్లలు ఊళ్ళోనే ఉండిపోవాలి. తెల్లవాళ్ళ ప్రభుత్వం వెండా ప్రాంతాన్ని 1979లో పేరుకి ఒక స్వతంత్ర దేశం అంది, దక్షిణాఫ్రికా, అది అలాగే పేరుకి దేశాలు చేసిన ప్రాంతాలు తప్ప ప్రపంచంలో దాన్ని ఎవరూ దేశంగా గుర్తించలేదు, 1994లో మళ్ళీ దక్షిణాఫ్రికాలో కలిసింది. పదకొండు నెలలు మగవాళ్ళ గదిలో, ఒక నెల ఇంట్లో, ఇలా రెండు మూడు తరాలు బతికాయి. సుఖవ్యాధులు అంతగా పాకడానికి ఇదొక పెద్ద కారణం, ఇది చట్టం చేసిన పని. కానీ రోగం ఇంట్లో బయటపడే సమయానికి ఎదురుగా కనబడేది ఇంట్లో ఉన్న ఆడమనిషి, తప్పు ఆమె మీద పడుతుంది.

ప్రశ్న: మేడమ్, నేను సోషియాలజీ పీజీ స్టూడెంట్‌ని. అక్కడి నాటు వైద్యుల మందులు నిజంగా పనిచేస్తాయా? పనిచెయ్యకపోతే అన్నేళ్ళు జనం ఎందుకు నమ్ముతారు?

జవాబు: బాబూ, మంచి ప్రశ్న అడిగావు, కొంచెం పొడుగ్గా చెప్తా.

వెండాలో నాటు వైద్యుణ్ణి నాంగా అంటారు. అసలు ఈ జబ్బు ఎందుకొచ్చింది, పూర్వీకుల కోపమా, ఎవరైనా చేతబడి చేశారా, ముయిలా దాటారా అని కనిపెట్టి చెప్పేవాణ్ణి ముంగోమే అంటారు. తంగు అని పాచికల్లాంటివి నేల మీద వేసి అవి పడిన తీరు చదువుతారు. ఒక జబ్బుకి ఏమిటి అనే ప్రశ్నతో పాటు ఎందుకు, నాకే ఎందుకు అనే ప్రశ్నకి కూడా జవాబు అక్కడ దొరుకుతుంది. క్లినిక్కులో మేము రెండో ప్రశ్నని అసలు తాకం, అది మా లోటు అనే నేను అనుకుంటా.

మందుల విషయానికొస్తే ముసేసే అనే చెట్టు బెరడు, మునెంబెనెంబె అనే చెట్టు వేరు, బెరడు, ఇవి ఆ ప్రాంతంలో కడుపు జబ్బులకీ సుఖవ్యాధులకీ బాగా వాడతారు. ముసేసే సారం ల్యాబులో హెచ్ఐవీ ఎంజైముల్ని అడ్డుకుంటోందని 2000ల్లో పరిశోధనలు కూడా వచ్చాయి. కానీ గాజుగొట్టంలో పనిచెయ్యడం వేరు, మనిషి ఒంట్లో ఎంత మోతాదుకి పనిచేస్తుంది, కాలేయానికి ఏమవుతుంది అనేది వేరు. అది తేలకుండా రోగికి ఇదే మందు అని నేను చెప్పను.

మరి ఎందుకు నమ్ముతారు అంటే, ఒక మనిషి సంగతి చెప్తా. ముప్పై ఐదేళ్ళుంటాయి, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా నిండా ముదురు గోధుమరంగు కషాయం పట్టుకుని క్లినిక్ బెంచీ మీద కూర్చున్నాడు, సీసా అడుగున వేరు ముక్కలు ఇంకా కదులుతున్నాయి, మూతకి బదులు గుడ్డ కుక్కి ఉంది. తనకి ఏ రోగమూ లేదని, భార్య పరీక్షలో ఏదో వచ్చింది కాబట్టి తనని పిలిపించారని కోపంగా చెప్పాడు. ఎప్పుడైనా అక్కడ పుండు అయ్యిందా అని అడిగా. అయ్యింది, నొప్పి లేదు, ఈ మందే తాగా, నెలలోపు మచ్చ కూడా లేకుండా పోయింది, అందుకే ఇప్పటికీ దగ్గర పెట్టుకుంటా అన్నాడు. ఆయన అబద్ధం చెప్పట్లేదు. సిఫిలిస్ పుండు తగిలిన మూడు వారాలకి అటూ ఇటూగా వస్తుంది, నొప్పి ఉండదు, ఏ మందూ వాడకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానిపోతుంది. రోగం మాత్రం పోదు, లోపలికి వెళ్తుంది. ఆ నెలలో నువ్వు కషాయం తాగితే కషాయమే తగ్గించింది అనిపిస్తుంది, అలా అనుకోవడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు, ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆయన భార్యకి రెండు వారాల ముందు బిడ్డ చనిపోయి పుట్టింది. ఆ మాట ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు గంట పట్టింది, అర్థమయ్యాక ఆయన ఆ సీసా తీసి బెంచీ కిందకి జరిపి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఇంకేం మాట్లాడలేదు. తర్వాత ఇంజెక్షన్ వేయించుకున్నాడు. దానికి పెన్సిలిన్ చాలు, సిఫిలిస్‌కి ఇప్పటికీ అదే మంచి మందు.

అలాగని నాంగాలని పక్కకి నెట్టేస్తే లాభం లేదు. దక్షిణాఫ్రికా 2007లో సంప్రదాయ వైద్యుల కోసం ఒక చట్టమే చేసింది. ఊళ్ళో మగవాడు సిగ్గుపడకుండా ముందు చెప్పుకునేది వాళ్ళకే. నాతో మాట్లాడిన ఒక నాంగా, ముసలావిడ, చీము వారం దాటి ఆగకపోతే నేనే క్లినిక్కి పొమ్మంటా అంది, వారం ఎందుకు, మొదటిరోజే పంపమ్మా, నీ మందు నువ్వు ఇచ్చుకో, మా ఇంజెక్షన్ మేము ఇస్తాం అన్నా. ఒప్పుకుంది. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా అడిగా, ఒంటి మీద గాట్లు పెట్టి మందు రుద్దేటప్పుడు ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడొద్దని.

ప్రశ్న: కండోముల్లో పురుగులుంటాయని, కండోమ్ వల్లే ఎయిడ్స్ వస్తుందని వెండాలో అంటారని ఎక్కడో చదివాను. చదువుకున్నవాళ్ళు కూడా ఇలా ఎలా అనుకుంటారు?

జవాబు: కండోములో నీళ్ళు పోసి ఎండలో పెడితే పురుగులు కనబడతాయి అనే మాట నేనూ విన్నా. లోపల పూసిన జారుడు పదార్థం వెలుతురుకి తీగలు తీగలుగా కదిలితే చూసేవాళ్ళకి అలా అనిపించొచ్చు. కానీ అసలు విషయం పురుగుల్లో లేదు. ఫ్రేజర్ మెక్నీల్ అని ఒక మానవశాస్త్రవేత్త చాలాకాలం వెండాలో ఉండి దీని మీదే పనిచేశాడు, ఆయన చెప్పిన ఒక పాయింట్ నేను అక్కడ రోజూ చూసినదానికి సరిగ్గా సరిపోయింది.

అక్కడ ఒక మనిషి చనిపోతే ఎందుకు పోయాడో పైకి గట్టిగా చెప్పకూడదు. చావు కారణం అంత బాగా తెలిసినవాడికి ఆ చావులో చెయ్యి ఉండి ఉంటుంది అనే అనుమానం, చేతబడి చేసేవాణ్ణి ములోయ్ అంటారు, ఆ ముద్ర పడితే ఊళ్ళో బతకడం కష్టం. అందుకని ఎయిడ్స్‌తో పోయినవాళ్ళ గురించి అందరికీ తెలిసినా ఎవరూ నోరు విప్పరు. ఇలాంటి చోట ఎయిడ్స్ గురించి అవగాహన కల్పించే అమ్మాయిలు వచ్చి, క్లినిక్కుల దగ్గరా బీరు తాగే చోట్లా ఎయిడ్స్ గురించి పాటలు పాడుతూ కండోములు పంచితే ఏమవుతుంది? వీళ్ళకి ఈ రోగం గురించి ఇంత తెలుసంటే, దీన్ని తెచ్చింది వీళ్ళేనేమో, వీళ్ళు పంచే వస్తువులోనే ఉందేమో అని అనుమానం వాళ్ళ మీదకే తిరిగింది. పాపం ఆ పిల్లలు ఎండలో నిలబడి చేసిన పనికి వాళ్ళకి దక్కింది ఇది. పాతికేళ్ళు కూడా లేని ఒక అమ్మాయి నాతో, అమ్మా నేను పంచితే తీసుకోరు, బల్ల మీద పెట్టి నేను అటు తిరిగితే డబ్బా ఖాళీ అయిపోతుంది అంది. అప్పటినుంచి మా క్లినిక్కులో డబ్బా బాత్రూమ్ గుమ్మం దగ్గర పెట్టించా.

ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోవాలి, ఆ రోజుల్లో దేశ అధ్యక్షుడు ఎంబెకీయే ఎయిడ్స్ ఆ వైరస్ వల్లే వస్తుందా అని అనుమానాలు లేవనెత్తాడు, ఆరోగ్యమంత్రి వెల్లుల్లి, బీట్‌రూట్ తినమంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇవ్వడం 2004లో గానీ మొదలవ్వలేదు. రాజధానిలోనే అలా ఉంటే కొండ కింద ఊళ్ళో మనిషిని చదువుకుని ఇలా అనుకుంటావా అని నిలదీయడం న్యాయం కాదు. ఇప్పుడు పరిస్థితి చాలా మారింది, 2016 నుంచి పరీక్షలో పాజిటివ్ వస్తే ఆలస్యం లేకుండా మందు మొదలుపెడతారు, నర్సులే ఇస్తారు, క్రమం తప్పకుండా వేసుకుని రక్తంలో వైరస్ కనబడనంత తగ్గితే కలయిక ద్వారా ఇంకొకరికి అంటదు.

ప్రశ్న: డోంబా అనే కొండచిలువ డ్యాన్స్ ఫోటోలు చూశాను, ఆడపిల్లలు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని వరసగా. అది సెక్స్ ఎడ్యుకేషనా?

జవాబు: ఒక రకంగా అవును తల్లీ. మొదట వూషా, ఈడొచ్చిన పిల్లకి. తర్వాత డోంబా, పెళ్ళికి ముందు. పాతకాలంలో నెలల తరబడి సాగేది. అందులో మిలాయో అనే సూక్తులు బట్టీ పట్టిస్తారు, పెళ్ళి, కాన్పు, పెద్దల మర్యాద, ఎప్పుడు మగవాడికి దూరంగా ఉండాలి, అన్నీ. 1950ల్లో జాన్ బ్లాకింగ్ అనే సంగీత పరిశోధకుడు ఆ నాట్యం మొత్తాన్ని కడుపులో బిడ్డ తయారవ్వడంగా చదివాడు. పెళ్ళికి ముందు గర్భం రాకుండా జంటలు పూర్తిగా కలవకుండా ఉండే పద్ధతి కూడా పూర్వం నేర్పేవాళ్ళు, మిషనరీలు అది పాపం అన్నారు, దాని బదులు పిల్లలకి ఏమీ నేర్పలేదు. మగపిల్లలకి మురుందు, సున్తీ చేసే శిబిరం. సున్తీ వల్ల ఆడవాళ్ళ నుంచి మగవాళ్ళకి హెచ్ఐవీ సోకే అవకాశం సగానికి పైగా తగ్గుతుందని ఆఫ్రికాలోనే జరిగిన ట్రయల్స్‌లో తేలింది, కానీ అది ఆసుపత్రిలో పూర్తిగా చేసిన సున్తీ గురించి, అదొక్కటే రక్షణ అనుకోకూడదు.

ప్రశ్న: పుట్టిన పాపకి మెడ వెనక ఎర్రమచ్చ ఉంటే తల్లికి సుఖవ్యాధి ఉన్నట్టేనా? మా పక్కింటి వెండా ఆవిడ పాప మెడ చూసి భయపడుతోంది.

జవాబు: దాన్ని అక్కడ గోఖొన్యా అంటారు, తల్లి కడుపులోంచి బిడ్డకి వచ్చిందని నమ్ముతారు, వైద్యానికి నాంగా దగ్గరికి తీసుకెళ్తారు. ఆ మచ్చ పుట్టిన పిల్లల్లో చాలామందికి ఉంటుంది, చర్మం కింద సన్నటి రక్తనాళాలు వెడల్పై కనబడటమే, ఏడిస్తే ఇంకా ఎర్రగా అవుతుంది, ఏ హానీ లేదు. దాని మీద గాట్లు పెట్టనివ్వొద్దు. తల్లికి గర్భంలో సిఫిలిస్ పరీక్ష చేశారో లేదో మాత్రం కార్డులో చూడమనండి, చెయ్యకపోతే ఇప్పుడైనా చేయించాలి, అది మచ్చ కోసం కాదు, అందరికీ చెయ్యాల్సిందే.

ఈ పేజీ పంపేలోపు మొదటి ఉత్తరం రాసినావిడ మళ్ళీ రాశారు: డాక్టర్ గారూ, విడిగా మీరు పంపిన జవాబు చూసి ఇద్దర్నీ నేనే కారులో క్లినిక్కి తీసుకెళ్ళాను. అతనికి ఇంజెక్షన్ అయింది. ఆ అమ్మాయికి సిఫిలిస్ పాజిటివ్ వచ్చింది, వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లన్నారు, ఒకటయ్యింది. హెచ్ఐవీ ఇద్దరికీ లేదు. కానీ అత్తగారు చూశావా నీలోనే ఉంది రోగం అని ఇంకా ఎక్కువ చేస్తోంది.

జవాబు: అతనికీ సిఫిలిస్ పరీక్ష చేశారా? మీ ఉత్తరంలో లేదు, ఈ వారంలోనే కనుక్కోండి, నెగటివ్ వచ్చినా డాక్టర్ని అడిగి భార్యతో పాటు అతనికీ మందు వేయించండి. అత్తగారితో మీరు వాదించకండి, బయటివాళ్ళ మాట అక్కడ ఎక్కదు. ఆ ఇంట్లో మఖాడ్జి ఎవరో అడగండి, అంటే అతని మేనత్త, తండ్రి అక్కో చెల్లెలో. వెండా ఇళ్ళలో ఆమె మాటకి చాలా బరువుంటుంది, ఇలాంటి గొడవలు ఆమె ముందుకే వెళ్తాయి. ఆ అమ్మాయి ఆమెని అడగాల్సింది ఒక్కటే. గర్భం పోయిన ఆడదాని దగ్గరికి వెళ్ళకూడదనే ముయిలా మగవాడికి కూడా ఉంది కదా, అది ఆయనకీ తెలుసు కదా, మరి ఆయన ఎందుకు ఆగలేదు అని. ఈ మాట డాక్టర్ అంటే వేరు, మఖాడ్జి నోట వస్తే వేరు. మిగిలిన రెండు ఇంజెక్షన్లకి కూడా మీరే తీసుకెళ్ళండమ్మా, మధ్యలో రెండు వారాలు దాటితే మళ్ళీ మొదటినుంచి వెయ్యాల్సి రావచ్చు.